గ్రహాంతరవాసికి మన కాళ్ళూ చేతులూ ఎందుకు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ మాట్లాడటానికి ఈ వేదిక మీద నాకన్న సమర్థులున్నారు. కార్యదర్శిగారు నాకు నచ్చిన విషయం మాట్లాడమన్నారు గనుక, చిన్నప్పటి నుంచి నాకున్న సైన్స్ ఫిక్షన్ పిచ్చిని మీ ముందు పెడుతున్నాను. అందులోనూ ఒక్కటే ప్రశ్న. మన ఇళ్ళలో మనవలు టీవీ చూస్తూ అడిగే ప్రశ్నే. ఎక్కడో నక్షత్రాల అవతల నుంచి వచ్చినవాడికి సరిగ్గా మనలాగే రెండు కాళ్ళు, రెండు చేతులు, మెడ మీద ఒక తల ఎందుకుంటాయి?

సర్వీసంతా అకౌంట్స్‌లో బిల్లులు చూసినవాణ్ణి గనుక ముందు ఖర్చు సంగతి చూస్తాను. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ ధారావాహిక మొదలైంది. వారం వారం కొత్త గ్రహం చూపించాలి. అంత పెద్ద ఓడ ప్రతి గ్రహం మీదా దిగినట్లు చూపాలంటే తలకు మించిన ఖర్చు. అందుకని మనుషుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ ప్రత్యక్షం చేసే యంత్రాన్ని కల్పించారు. చూసేవారికి అది గొప్ప ఊహ, పద్దు పుస్తకంలో అది పొదుపు. గ్రహాంతరవాసుల రూపం కూడా ఆ పద్దు కిందదే. నటుడికి కాళ్ళూ చేతులూ ఎలాగూ ఉన్నాయి, వాటికి వేరే బిల్లు లేదు. చెవులకు మొనలు అతికించి, కనుబొమలు పైకి దిద్దేసరికి లియొనార్డ్ నిమోయ్ అనే నటుడు వల్కన్ గ్రహపు స్పాక్ అయిపోయాడు. ఆ మాత్రం చెవులకే టీవీ కంపెనీవారు జడిసి, ప్రచారం ఫోటోల్లో మొనలు చెరిపించారు.

క్లింగాన్లు అనే యోధజాతి కథ ఇంకా తమాషా. 1967లో వారు మొదటిసారి కనిపించినప్పుడు ముఖానికి రంగు, గడ్డం, మీసకట్టు, అంతే. 1979లో సినిమా తీసేనాటికి చేతిలో డబ్బు ఆడింది. వెంటనే క్లింగాన్ల నుదుటి మీద ఎముకల గట్లు మొలిచాయి! ఈ తేడా అభిమానుల కంట పడకుండా ఉంటుందా? 1996లో వచ్చిన ఒక భాగంలో ఇదే మాట అడిగితే, వర్ఫ్ అనే క్లింగాన్ ముఖం ముడుచుకుని, అది బయటివారితో చర్చించే విషయం కాదని తేల్చేస్తాడు. ఆడిట్ అభ్యంతరానికి ఇంతకన్న మంచి జవాబు నా సర్వీసులో చూడలేదు. (2005లో దానికి ఒక వైరస్ కారణమని కథ అల్లారు లెండి.) అసలు అందరికీ మనిషి రూపమే ఎందుకన్నదానికి కూడా 1993లో సమాధానం చెప్పుకున్నారు. కోట్ల కోట్ల ఏళ్ళ కిందట ఒక ప్రాచీన జాతి తన బీజాన్ని అనేక గ్రహాల మీద చల్లిందట. నాకది రుచించలేదు. ఖర్చు పెట్టేశాక తెచ్చుకున్న మంజూరు ఉత్తర్వులాగుంది.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. నాటకంలో రావణుడికి పది తలలైనా పద్యం పాడేది ఒక్క నోరే, తక్కిన తొమ్మిదీ అట్టముఖాలు.

అయితే ప్రకృతి ఏమంటుంది? మనకు నాలుగే అవయవాలుండటం తెలివితేటల వల్ల కాదు, చేపల వల్ల. సుమారు 37 కోట్ల ఏళ్ళ కిందట నీటి గట్టుకు చేరిన చేపలకు కింది వైపు రెండు జతల బలమైన రెక్కలుండేవి. 2004లో కెనడా ఉత్తర మంచు ప్రాంతంలో దొరికిన టిక్టాలిక్ అనే శిలాజంలో ఆ రెక్కల లోపల భుజం, మోచేయి, మణికట్టు పోలికలున్నాయి. ఆ చేపకు మూడు జతలుండి ఉంటే మనం నాలుగు కాళ్ళ మీద నడుస్తూ, రెండు చేతులతో పెన్షన్ ఫారాలు నింపుతూ ఉండేవాళ్ళమేమో! వేరే గ్రహం మీది చేప మన చేపను చూసి కాపీ కొట్టదు గదా.

శాస్త్రజ్ఞుల్లోనూ రెండు పక్షాలున్నాయి. జీవపరిణామాన్ని మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తే మనిషి రాడని స్టీఫెన్ జే గూల్డ్ 1989లో వాదించారు. కొన్ని రూపాలు ఎటు తిరిగినా మళ్ళీ మళ్ళీ వస్తాయని సైమన్ కాన్వే మోరిస్ 2003లో వాదించారు. 1982లో కెనడాకు చెందిన డేల్ రస్సెల్, డైనోసార్లు నశించకుండా తెలివి పెంచుకుంటే ఎలా ఉండేవో ఒక బొమ్మ చేయించారు. తీరా చూస్తే అది నిలబడ్డ మనిషిలాగే ఉంది, చేతికి మూడేసి వేళ్ళు తప్ప! శాస్త్రజ్ఞుడికి కూడా అద్దం అంత సులువుగా వదలదు.

ఇక ఖర్చు ఒక్కటే కారణమంటే అన్యాయం. కాగితం మీద మేకప్ ఖర్చు లేదు. అందుకే 1898లో హెచ్. జి. వెల్స్ కుజగ్రహవాసులు పెద్ద తల, టెంటకిల్సు తప్ప మరేమీ లేనివారు. 1957లో ఫ్రెడ్ హోయిల్ రాసిన నవలలో ఆలోచించేది ఒక మేఘం. 1961లో స్టానిస్లా లెమ్ ఒక మహాసముద్రాన్నే జీవిని చేశాడు. కానీ మేఘాన్ని చూసి ఎవరికి కళ్ళు చెమ్మగిల్లుతాయి? మనకు ఎదుటివాడి ముఖం కావాలి, అందులో రెండు కళ్ళు కావాలి. 1982లో వచ్చిన ‘ఇ.టి.’ని పిల్లలు దాచి కాపాడారంటే ఆ కళ్ళ మహిమే.

నాకు ఈ విషయంలో భయం కలిగించేదీ అదే. ముఖం లేనివాడి గతేమిటి? 1967లో స్టార్ ట్రెక్‌వారే ఒక కథ చూపించారు. ఒక గ్రహం మీది గనుల్లో పనివాళ్ళు వరసగా చనిపోతుంటారు. చంపుతున్నది హోర్టా, రాతిలో సొరంగాలు తొలిచే ఒక ప్రాణి. కాళ్ళు లేవు, ముఖం లేదు, చూడటానికి పాకే బండరాయి. (లోపల పాకినవాడు యానోష్ ప్రోహాస్కా అనే నటుడు.) అందరూ దాన్ని చంపటానికే బయలుదేరతారు. స్పాక్ దానిని తాకి, దాని మనసు చదివాక తెలుస్తుంది, పనివాళ్ళు పగలగొట్టి పారేస్తున్న గుండ్రటి రాళ్ళు దాని గుడ్లని. వేలకొద్దీ పగిలాయి. అది బిడ్డల్ని కాచుకుంటున్న తల్లి! చివరకు డాక్టరు దాని గాయానికి కాంక్రీటు పూసి బతికిస్తాడు. ఆ ధారావాహిక మొత్తంలో నన్ను కదిలించినది ఈ బండరాయే.

స్పాక్ రక్తం ఆకుపచ్చ, అందులో రాగి ఉందని కథ. రాగి రక్తం నిజంగానే ఉన్న ప్రాణి మన సముద్రాల్లోనే ఉంది, ఆక్టోపస్. దాని రక్తం నీలం, గుండెలు మూడు. సుమారు 50 కోట్ల నాడీకణాలుంటే వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. దానికీ మనకూ ఉమ్మడి పూర్వీకుడు బతికి 50 కోట్ల ఏళ్ళు దాటింది. గ్రహాంతరవాసి అంటే నా లెక్కలో ఇదే. బ్రిటన్‌లో 2022లో చేసిన చట్టం ఆక్టోపస్‌లను, పీతలను, రొయ్యలను బాధ తెలిసే ప్రాణులుగా గుర్తించింది. వెన్నెముక ఉన్నవాటిని మొదటే చేర్చి, వీటిని తరువాత కలిపారు.

గోదావరి జిల్లా వాణ్ణి గనుక రొయ్యలు మానేశానని ఇక్కడ అబద్ధం చెప్పను. మా ఇంట్లో ఈ చట్టం సంగతి చెబితే, వంటింటి అధికారులు అది బ్రిటన్‌కే పరిమితమని తీర్పు ఇచ్చారు. నేనింకా అప్పీలు వేయలేదు.

 పిల్లలెవరైనా ప్రశ్నలు అడగదలిస్తే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. సెలవు.