కాఫీ హోటలు నుంచి పిజ్జా కొట్టు దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "పది నిమిషాలు ఏదైనా సరదాగా మాట్లాడండి" అన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చదువు గురించి చెప్పారు, క్రమశిక్షణ గురించి చెప్పారు, కొత్త తరగతి గదుల గురించి చెప్పారు. ఇక నాకు మిగిలింది తిండి. ఎలాగూ భోజనాల వేళ దగ్గర పడింది కాబట్టి మీరెవరూ కాదనరు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ళ హోటళ్ళలో తిన్న తిండి గురించి, ఆ బల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్న సంగతుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనలో చాలామందికి మొదటి హోటలు రైలు దిగగానే కనబడిందే. 1916లో వేసిన ఆ గుంటూరు–రేపల్లె లైను మన చదువులకు, పెళ్ళిళ్ళకు, కోర్టు పనులకు, ఆసుపత్రులకు దారి. వేమూరులోనో, పెనుమర్రులోనో, భట్టిప్రోలులోనో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తెనాలిలో దిగితే ముందు ముక్కుకు తగిలేది కాఫీ వాసన, తర్వాతే టిక్కెట్టు కలెక్టరు. మూడు కాలవలు పారే ఊరు, నాటకాల ఊరు, 'ఆంధ్రా ప్యారిస్' అని పేరు పెట్టుకున్న ఊరు. మనకు మాత్రం తెనాలి అంటే పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి, బెల్లం జిలేబీ. జేబులో డబ్బులు తక్కువైతే 'వన్ బై టూ' కాఫీ. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చే ఆ ఏర్పాటు కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. ఎన్ని స్నేహాలు ఆ సగం గ్లాసు మీద నిలబడ్డాయో లెక్క లేదు.

రేపల్లెలో రైలు ఆగిపోతుంది, ఆ పైన పట్టాలు లేవు. అక్కడి భోజన హోటళ్ళకు నిజాంపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు వచ్చేవి. పులుసు వాసన వీధి చివరి దాకా వచ్చేది. బాపట్లది ఇంకో తీరు. 1945 నుంచి అక్కడ వ్యవసాయ కళాశాల ఉంది. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వచ్చి చదివేవాళ్ళు. వాళ్ళ పుణ్యమా అని మెస్సులు పెరిగాయి. శ్రీకాకుళం కుర్రాడు, చిత్తూరు కుర్రాడు పక్కపక్కన కూర్చుని గోంగూర మీద వాదించుకున్నది నేను అక్కడే చూశాను. ఇద్దరూ తమ ఊరి గోంగూరే గొప్పదన్నారు. ఇద్దరూ మూడోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పటిదాకా చెప్పింది రుచుల సంగతి. అసలు చెప్పదలచుకున్నది వేరు. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చునేవాళ్ళు, ఎవరు కూర్చునేవాళ్ళు కాదు, అది.

మన తాతల కాలంలో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, చాలా హోటళ్ళలో బ్రాహ్మణులకు విడిగా గది ఉండేది. కొందరికి గుమ్మం లోపలికే ప్రవేశం లేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలల పేర్లు చెప్పి మరీ, మతం, కులం, స్త్రీ పురుష భేదం చూపి ఎవరినీ ఆపకూడదని రాశారు. అంత పెద్ద గ్రంథంలో హోటలు మాట ఎందుకొచ్చిందని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆ తర్వాత 1955లో అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిపరచి, పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు.

ఈ అధికరణాన్ని మనకు నల్లబల్ల మీద రాసి చెప్పింది మన సోషల్ మాస్టారు. ఆయన ఈ రోజు మన మధ్య లేరు. పదో తరగతిలో ఉండగా ఆయన వెంట వాలీబాల్ పోటీలకు వెళ్ళిన పన్నెండు మందిలో నేనొకణ్ణి. ఆట అయ్యాక దారిలో ఒక పల్లెలో టీ కొట్టు దగ్గర ఆగాం. మాస్టారు పన్నెండు టీలు చెప్పారు. కొట్టతను మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "ఎవరి పిల్లలండీ?" అని అడిగాడు. "నా పిల్లలు" అన్నారు మాస్టారు. అతను ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ ఏ ఊరు, ఏ పేట అని అడిగి, తొమ్మిది టీలు గాజు గ్లాసుల్లో పోశాడు. మిగిలిన మూడూ, చూరు కింద విడిగా బోర్లించి పెట్టిన గ్లాసులు తీసి వాటిలో పోశాడు. ఆ ముగ్గురిలో ఒకడు మా జట్టు కెప్టెన్.

మాస్టారు ఒక్క మాట గట్టిగా అనలేదు. పన్నెండు టీల డబ్బులూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. "ఎవరూ తాగకండి, పదండి" అన్నారు. ఎండలో మూడు మైళ్ళు నడిచి స్టేషను దగ్గర హోటలుకు చేరాం. లోపలికి వెళ్ళే ముందు, "అందరం ఒకే వరసలో కూర్చుందాం" అని చెప్పి, కెప్టెన్‌ని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. తలా రెండిడ్లీ, కాఫీ. ఆ రోజుల్లో బడిపంతులు జీతానికి అది చిన్న ఖర్చు కాదు, అదీ తాగని పన్నెండు టీలకు డబ్బిచ్చిన తర్వాత.

పదిహేనో అధికరణంలో హోటలు మాట ఎందుకుందో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే పన్నెండు మందికీ మార్కులు పడేవి.

ఇదంతా ఎప్పటి సంగతో అని కొట్టిపారేయడానికి లేదు. చుండూరు మనకు పరాయి ఊరు కాదు, తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే ప్రతి ప్యాసింజరూ అక్కడ ఆగుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు ముందు నెలలో మొదలైన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర రాజుకుంది. పక్కపక్క కుర్చీల్లో కూర్చోవడం అంత చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. సంతోషంగా కలుసుకున్న రోజు ఇదెందుకని ఎవరికైనా అనిపిస్తే క్షమించాలి. కలుసుకున్న రోజు కాకపోతే మరి ఎప్పుడు మాట్లాడుకుంటాం?

ఇక రెండో సంగతి. ఆ వాలీబాల్ పోటీలకే మన ఆడపిల్లల జట్టు కూడా వచ్చింది. వాళ్ళను ఏ హోటలుకూ తీసుకెళ్ళలేదు. ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పులిహోర తరగతి గదిలో కూర్చుని తిన్నారు. మొన్న ఈ సభ ఏర్పాట్ల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మా తరగతి అమ్మాయి ఒకావిడ, ఇప్పుడు అమ్మమ్మ అనుకోండి, చెప్పింది. ఆవిడ మొదటిసారి హోటల్లో తిన్నది పెళ్ళయ్యాక. అదీ 'ఫ్యామిలీ రూము'లో పరదా వెనకాల. "దోసె బాగుంది గానీ వీధి కనబడలేదు" అంది. మేం మగపిల్లలం వీధి చూస్తూ, సినిమా పోస్టర్లు చూస్తూ, వన్ బై టూ తాగిన రోజుల్లో, మాతోపాటు చదివిన సగం మందికి ఆ బల్ల లేనే లేదు.

అందుకే ఇప్పటి పిజ్జా కొట్లను తిట్టాలంటే నాకు నోరు రాదు. ఇప్పుడు మన పట్టణాల్లో పిజ్జా, బర్గరు, ఫ్రైడ్ రైసు అమ్మే కొట్లు వీధికొకటి ఉన్నాయి. ఈ మధ్య మనవరాలి పుట్టినరోజుకు తెనాలిలో అలాంటి కొట్టుకు వెళ్ళాను. పెద్ద కంపెనీది కాదు, మన ఊళ్ళ కుర్రాళ్ళే ఓవెన్ కొనుక్కుని పెట్టింది. పిజ్జా మీద చికెను, దాని మీద మన కారం. నన్నడిగితే అది చీజు వేసిన దిబ్బరొట్టె. మా నాయనమ్మ కూడా దిబ్బరొట్టెను ఇలాగే ముక్కోణాలుగా కోసి పెట్టేది. నేను చూసింది మాత్రం పిజ్జాను కాదు, పక్క బల్లను. ఇంటర్ చదివే అమ్మాయిలు ఐదుగురు, వెంట పెద్దవాళ్ళెవరూ లేకుండా, నవ్వుకుంటూ తిని, బిల్లు ఐదు వాటాలు వేసుకుని, ఫోనుతో కట్టేసి వెళ్ళిపోయారు. పరదా లేదు. వాళ్ళది ఏ పేట అని ఎవరూ అడగలేదు.

"విదేశీ తిండి మన పిల్లల్ని పాడుచేస్తోంది" అని మనవాళ్ళు అంటుంటారు. 1996లో పెద్ద కంపెనీలు ఢిల్లీలో, బెంగళూరులో పిజ్జా దుకాణాలు తెరిచినప్పటి నుంచీ ఈ మాట వింటున్నాం. నిజానికి పిజ్జా ఇటలీలో నేపుల్స్ నగరపు పేదల తిండి. అక్కడ పిజ్జా చేసే కళను యునెస్కో 2017లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దాని మీద పడే టమాటా అమెరికా ఖండాలది. మనం గర్వంగా చెప్పుకునే గుంటూరు మిరపకాయ పూర్వీకురాలిదీ అదే పుట్టిల్లు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. కాఫీ కూడా మనది కాదు. మైదా, చీజూ రోజూ తింటే ఒంటికి మంచిది కాదన్నది నిజమే. ఆ మాటకొస్తే షుగరు ఉన్నవాళ్ళు బెల్లం జిలేబీ దగ్గరికి కూడా వెళ్ళకూడదు. ఈ సభలో ఎంతమంది నిన్న రాత్రి వెళ్ళొచ్చారో నాకు తెలుసు, పేర్లు చెప్పను.

ఇక బార్ల సంగతి. 'బార్ అండ్ రెస్టారెంటు' బోర్డులు మూడూళ్ళలోనూ ఉన్నాయి. తాగడం మంచిదా చెడ్డదా అని ఉపన్యాసం ఇవ్వను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఈ చరిత్ర మీకు తెలిసిందే. నేను చెప్పేది మన సంఘం సంగతి. ప్రతి ఏడూ కలుసుకుంటాం, ఫొటోలు దిగుతాం. సాయంత్రం కాగానే మగవాళ్ళు పదిహేను మంది బారుకు పోతారు. ఆడవాళ్ళు ఆటో ఎక్కి ఇంటికి పోతారు. తాగనివాళ్ళు, డబ్బు సర్దుబాటు కానివాళ్ళు ఏదో పనుందని చెప్పి జారుకుంటారు. పొద్దున ఒకటిగా ఉన్న తరగతి సాయంత్రానికి మూడు ముక్కలు. పాత తరగతి కబుర్లన్నీ ఆ రాత్రి చెప్పుకున్నవే. అవి సగం మందికి అందవు.

ఆ చూరు కింది గ్లాసులు పోయాయి. ఫ్యామిలీ రూము పరదా పోయింది. పోయినవాటి స్థానంలో మనంతట మనమే కొత్త గదులు కట్టుకోకూడదని నా మనవి. అందుకని సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. మన వార్షిక సమావేశం రాత్రి భోజనం అందరూ రాగలిగిన చోట, అందరూ ఇచ్చుకోగలిగిన ఖర్చుతో పెట్టుకుందాం. ఆడవాళ్ళు ఇళ్ళకు చేరడానికి వాహనాల ఏర్పాటు సంఘమే చూడాలి.

రెండు. శాలువలకు, జ్ఞాపికలకు పెట్టే ఖర్చు కొంత తగ్గించి, ఏటా మన బడి పదో తరగతి పిల్లలందరినీ, ఆడపిల్లలనూ మగపిల్లలనూ, ఒక పూట మంచి హోటలుకు తీసుకెళ్దాం. పెసరట్టో, పిజ్జానో వాళ్ళిష్టం. ఒకే వరసలో కూర్చోవాలన్నది మాత్రం మన షరతు. మన ఊళ్ళ పిల్లల్లో ఇప్పటికీ హోటల్లో కూర్చుని తిననివాళ్ళు ఉన్నారు. పెద్ద ఊరికి ఉద్యోగానికో చదువుకో వెళ్ళినప్పుడు మెనూ కార్డు చూసి వాళ్ళు బెదరకూడదు.

మూడు. మన బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ఈ రోజు మన వంట దగ్గర కూడా సాయం చేస్తున్నారు. మన రాష్ట్రంలో బడి భోజనం 2003 జనవరిలో మొదలైంది. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చినవాళ్ళది ఏ కులమని అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. మన పిల్లలు ఒకే వరసలో కూర్చుని తినే అలవాటు నిలబెడుతున్నది ఈ అమ్మలే. ఇవాళ వాళ్ళు అందరి తర్వాత, వంటశాల వెనక కాకుండా, మనతోపాటు మొదటి పంక్తిలోనే కూర్చోవాలి. వడ్డించడానికి 1990 తర్వాతి బ్యాచ్‌ల కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు వాళ్ళే.

మొదటి రెండింటికీ కమిటీ అనుమతి కావాలి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మరో అరగంటలో అందరూ చూస్తారు.