గోడ మూయకముందే చూడాలి

(కాప్రాలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య సౌకర్యాల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వినడానికి చిన్నదే. ఇంట్లో ప్లంబరు చేసిన పని, ముఖ్యంగా వేడినీళ్ళ లైను పని, సవ్యంగా ఉందో లేదో మనబోటివాళ్ళం ఎలా తేల్చుకోవాలి అన్నది. నేను ఇంజనీరును కాను. ఒక ఇంజనీరింగు డివిజను ఆఫీసులో బిల్లుల సీటులో ముప్పై ఏళ్ళు పైచిలుకు పనిచేసిన గుమాస్తాను. పైపు బిగించడం నాకు రాదు. బిల్లు పాసు కావడానికి ముందు ఏమేమి చూడాలో మాత్రం ఆ సీటు నాకు నేర్పింది. ఆ కాస్తే మీ ముందు ఉంచుతాను.

ఈ విషయం మనకు ఎందుకు ముఖ్యమంటే, డెబ్భై దాటిన ఒంటికి పుష్య మాసంలో చన్నీళ్ళ స్నానం పడదు. మనలో చాలామందిమి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో ఇల్లు కట్టుకున్నాం, లేదా బాగుచేయించుకున్నాం. ఆ డబ్బు రెండోసారి రాదు. మా వీధిలో ఒక రిటైర్డు టీచరమ్మగారు మేడమీద సోలార్ హీటరు పెట్టించుకున్నారు. బాత్రూములో టైల్స్ అద్దంలా మెరిశాయి. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా పడకగది గోడ చెమ్మెక్కింది, సున్నం రాలడం మొదలైంది. లోపల పైపు ఎటు పోయిందో చెప్పగలిగే మనిషి లేడు. పని చేసిన ప్లంబరు ఫోను పలకలేదు. కొత్తగా వచ్చినవాడు వెతుకుతూ వెతుకుతూ మూడు చోట్ల టైల్స్ పగలగొట్టాడు. చివరకు తేలిందేమిటంటే, ఒక్క ఎల్బో దగ్గర జాయింటు సరిగా అతకలేదు. “పైపు ఖర్చు వందల్లో అన్నయ్యగారూ, పగలగొట్టి కట్టిన ఖర్చు వేలల్లో” అన్నారావిడ.

మన కాప్రాలో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. మునిసిపాలిటీగా ఉండి 2007లో జి.హెచ్.ఎం.సి.లో కలిసిన ఊరు ఇది. బోరు నీటి కాలంలో కట్టిన ఇళ్ళకు తరువాత జలమండలి నల్లాలు వచ్చాయి. అందుచేత ఒకే ఇంట్లో పాత జి.ఐ. పైపు, దానికి అతికించిన పి.వి.సి., ఆ తరువాత వేసిన సి.పి.వి.సి., మూడు తరాలూ కలిసి కాపురం చేస్తుంటాయి. బోరు నీటిలో సున్నం పాలు ఎక్కువైతే హీటరు లోపల, పైపుల లోపల తెల్లగా పేరుకుపోతుంది.

మన పిల్లలుండే ఇంగ్లండు, అమెరికాలలో కొన్ని ఇళ్ళల్లో బాయిలరులో కాగిన నీరు గది గదికీ పైపుల గుండా తిరిగి ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది. బ్రిటన్‌లో ఆ గ్యాసు పని ముట్టుకోవాలంటే ‘గ్యాస్ సేఫ్’ రిజిస్టరులో పేరుండాలి. 2009 నుండి అక్కడ ఆ రిజిస్టరు నడుస్తోంది. మన దగ్గర ఇంటికొచ్చే ప్లంబరును మనమే ఎంచుకోవాలి, మనమే చూసుకోవాలి.

ఇక అసలు విషయం. ఆఫీసులో మాకు ఒక నియమం ఉండేది. మట్టిలోనో గోడలోనో కప్పబడిపోయే పనిని కప్పకముందే కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించాలి. కప్పిన తరువాత ఎంత పెద్ద అధికారి వచ్చినా చూసేదేమీ ఉండదు. ఇంట్లో కూడా ఇదే మొదటి సూత్రం. గోడకు గాడి కొట్టి పైపు వేశాక, మేస్త్రీ సిమెంటు పూయకముందు ఒక రోజు ఆపించండి. మనవడినో మనవరాలినో పిలిచి, గోడకు టేపు ఆనించి, కొలత కనబడేలా ఫోటోలు తీయించండి. నేల నుండి ఎన్ని అడుగులు, తలుపు నుండి ఎన్ని అడుగులు అని ఒక కాగితం మీద గీసి ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. రేపు గీజరుకో గూటికో మేకు కొట్టేవాడికి కూడా అది పనికొస్తుంది.

రెండవది సామాను. పైపు మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి. వేడినీటికి వాడే సి.పి.వి.సి. పైపుకు భారత ప్రమాణం ఐ.ఎస్. 15778. అది సుమారు 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. మామూలు చన్నీళ్ళ పి.వి.సి. పైపు ప్రమాణం ఐ.ఎస్. 4985, 45 డిగ్రీలు దాటిన నీటికి దానిని ఉద్దేశించలేదు. కొద్దిపాటి డబ్బు మిగులుతుందని వేడినీళ్ళ లైనులో ఒక ముక్క ఇది వేస్తే, ఎప్పుడో ఒకప్పుడు మెత్తబడి సాగుతుంది. వేసవిలో నాలుగు రోజులు ఊరెళ్ళి వస్తే సోలార్ ట్యాంకులో నీరు మరుగుకు దగ్గరగా రావచ్చు. అందుకే తెలిసిన పనివాళ్ళు ట్యాంకు దగ్గర మొదటి కొన్ని అడుగులు లోహపు పైపు వేస్తారు.

మూడవది చేతిపని. సి.పి.వి.సి. జాయింటు చూడండి. పైపు నిటారుగా కోసి, అంచు గీకి, పైపుకూ ఫిట్టింగుకూ రెండింటికీ సొల్యూషన్ రాసి, లోపలికి నొక్కుతూ పావు చుట్టు తిప్పి, కొద్ది సెకన్లు పట్టుకోవాలి. అలా చేస్తే అతుకు చుట్టూ సన్నని గీతలా సొల్యూషన్ సమంగా కనబడుతుంది. ఒక పక్క ఉండి ఒక పక్క లేకపోతే అక్కడ అనుమానించండి. వేడికి ఈ పైపు సాగుతుంది కూడా. 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మేర పెరుగుతుంది. మేడమీద పొడుగ్గా పోయే లైనులో మధ్యలో ఒక వంపు ఇచ్చాడా, క్లాంపులు పైపు కదలడానికి వీలుగా ఉన్నాయా చూడండి. అవి చేసిన ప్లంబరు పని తెలిసినవాడు.

నాలుగవది పరీక్ష. కుళాయిలు బిగించే చోట్ల ప్లగ్గులు వేసి, లైనులో నీరు నింపి, గాలి పోనిచ్చి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించాలి. సొల్యూషన్ ఆరడానికి డబ్బా మీద రాసిన గడువు దాటిన తరువాతే ఇది చేయాలి. లైనుకు మామూలుగా పడే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఎక్కించి, గేజి ముల్లును గుర్తుపెట్టుకుని కూర్చోండి. ముల్లు దిగకూడదు. “ముప్పై ఏళ్ళుగా చేస్తున్నా సార్, ఒక్క కంప్లైంటు లేదు” అని ప్లంబరు అంటే, “సంతోషం బాబూ, ముల్లు కూడా ఆ మాటే చెబితే ఇద్దరం నిశ్చింతగా ఉంటాం” అనండి.

ఐదవది సోలార్ లైను. చన్నీళ్ళ ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. సోలార్ ట్యాంకు నుండి పైకి లేచే గాలి గొట్టం చన్నీళ్ళ ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుకు పోవాలి. దానికి ఎక్కడా వాల్వు ఉండకూడదు. “సోలార్ నీళ్ళు ఎప్పుడూ గోరువెచ్చగానే వస్తున్నాయి” అని చాలామంది అంటారు. అప్పుడు సోలార్‌లోకి వెళ్ళే చన్నీళ్ళ వాల్వు మూసి, వేడినీళ్ళ కుళాయి ఒక్కటే తిప్పండి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఎక్కడో మిక్సరు గుండా చన్నీళ్ళు వేడినీళ్ళ లైనులోకి చొరబడుతున్నాయని అర్థం. చూసిన వెంటనే వాల్వు మళ్ళీ తెరవడం మరిచిపోకండి.

ఆరవది అన్నిటికంటే ముఖ్యం, ప్రాణానికి సంబంధించినది. కరెంటు గీజరుకు ఉన్న సేఫ్టీ వాల్వు నుండి చుక్కలు పడుతున్నాయని దానికి ప్లగ్గు వేయించకండి. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు అది ఒక్కటే దారి. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే ఒళ్ళు కాల్చేస్తుంది. మన వయసు చర్మం మరీ పలచన, కనుక థర్మోస్టాటు తగ్గించి ఉంచండి. గ్యాస్ గీజరును మూసిన బాత్రూము లోపల పెడతానని ఏ ప్లంబరైనా అంటే ఆ పని అక్కడితో ఆపించండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. దానివల్ల స్నానాల గదిలోనే మనుషులు పోయిన సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి.

పని పూర్తయ్యాక మీటరు పరీక్ష చేయండి. మేడమీద ట్యాంకు, కింద సంపు నిండాక కుళాయిలన్నీ కట్టేసి, మీటరు అంకెలు రాసుకుని, రెండు గంటల తరువాత చూడండి. అంకె మారిందంటే మీటరుకూ ట్యాంకుకూ మధ్య ఎక్కడో నీరు పోతోంది. ట్యాంకు తరువాతి లైనుకు, రాత్రి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి తెల్లవారి చూస్తే చాలు. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు నాలుగు చుక్కలనుకుంటే అది 21 లీటర్ల పైమాట, నెలకు 648 లీటర్లు. అదే గోడ లోపలి చుక్కయితే నీటితో పాటు గోడ కూడా పోతుంది.

ఇంతవరకు ప్లంబరును పరీక్షించడం చెప్పాను. ఇక మన వైపు కూడా చూసుకోవాలి. ట్యాంకు నీటిమట్టం షవరుకు 3 మీటర్లే పైన ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలో మాత్రమే. అటువంటి చోట షవరు సన్నగా వస్తే అది ప్లంబరు తప్పు కాదు, ట్యాంకు ఎత్తు తప్పు. మేడమీది నుండి 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు వస్తే అందులోనే సుమారు 4 లీటర్ల చల్లారిన నీరు ఉంటుంది. అది పోయేదాకా వేడినీళ్ళు రావు. దానికి మొదటే దగ్గరి దారి అడగాలి, పైపుకు తొడుగు వేయించాలి. చవక సామాను మనమే తెచ్చి ఇచ్చి, కారినప్పుడు కూలివాడిని తిట్టడం న్యాయం కాదు.

మన నగరాలకు ప్లంబర్లు ఎక్కడెక్కడి నుండో వస్తారు. ఒడిశాలోని కేంద్రపడా జిల్లా, అందులో పట్టాముండై ప్రాంతం ఈ పనివాళ్ళకు దేశమంతటా పేరుపడింది. ఇల్లు వదిలి వచ్చి మన ఇళ్ళకు నీళ్ళు తెచ్చే మనుషులు వాళ్ళు. కనుక బేరం పని మొదలుకాకముందే ఆడండి, కాగితం మీద రాయండి. ఆఫీసులో కాంట్రాక్టరు బిల్లులోంచి కొంత డిపాజిట్టుగా ఉంచుకుని, గడువు తీరాక తిరిగి ఇచ్చేవాళ్ళం. అలాగే కూలిలో పదో వంతు ఒక నెల ఉంచుకుంటామని ముందే చెప్పండి. నెల తిరిగి చెమ్మ లేకపోతే, అతను అడగకముందే పిలిచి ఇచ్చేయండి. చెప్పిన రోజున డబ్బు ఇచ్చిన ఇంటికి ప్లంబరు మళ్ళీ ఫోను చేస్తే పలుకుతాడు.

ఇల్లు బాగుచేయించుకోబోయే సభ్యులెవరైనా ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. పగలు ఇంట్లో ఉండేది మనమే, కాబట్టి పని జరిగేటప్పుడు కుర్చీ వేసుకుని కూర్చోవడానికి మనకంటే తీరికైనవాళ్ళు ఎవరున్నారు?