బేస్ ఎంత పెట్టాలి?

మొన్న మా మేనల్లుడు డిక్కీలో కొత్త సబ్‌వూఫర్ వేయించుకుని, మమ్మల్ని మా ఊళ్లో మథురాకాటి దగ్గర ఎక్కించుకున్నాడు. గోల్‌బజార్ చేరకముందే వెనక నంబరు ప్లేటు గడగడలాడిపోతోంది. "ఒరే, మాట ఇనబడ్డం లేదురా" అన్నాడు మా అన్నయ్య. "మాటెందుకు పెద్దమావయ్యా, గుండెలో తగుల్తోందా లేదా?" అన్నాడు వాడు.

ఈయనది చాదస్తం, వాడిది కుర్రతనం అని తేల్చేయకండి. అన్నయ్య మన రైల్వే వర్క్‌షాపులో సమ్మెట మోతల మధ్య ముప్పై ఏళ్లు పనిచేశాడు. అలాంటి మోతకి చెవిలో ముందు దెబ్బతినేవి సన్నటి శబ్దాలే, సుమారు 4,000 హెర్ట్జ్ దగ్గర. స, త, చ లాంటి అక్షరాలు తేటగా వినబడాలంటే ఆ సన్నదనమే కావాలి. దానిమీద బేస్ దుప్పటి కప్పితే ఇక పాటలో మాటెక్కడిది?

సౌండు తగ్గించేకొద్దీ చెవికి బేస్ మరీ పలచనవుతుంది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకని మెల్లగా వినేవాళ్లు బేస్ కాస్త పెంచుకోవచ్చు. గట్టిగా వినేవాళ్లకి అదే సెట్టింగు తల దిమ్మెక్కిస్తుంది.

షాపు ముందు ఆపిన కారులో విని డబ్బులిచ్చేయకండి. టైర్ల రొద బేస్‌ని మింగేస్తుంది. చౌరంగీ కూడలి దాటి హైవే ఎక్కి, అద్దాలెత్తి, మీకు కంఠతా వచ్చిన పాట వేసి వినండి. షాపు కుర్రాడు తెచ్చిన డెమో పాట వద్దు, అందులో ఏ స్పీకరైనా బాగానే మోగుతుంది. ఇక సబ్‌వూఫర్ బిగించే పెట్టె సంగతి. గాలి చొరబడని సీల్డ్ బాక్సులో దెబ్బ బిగువుగా ఉంటుంది. రంధ్రమున్న పోర్టెడ్ బాక్సు మోత ఎక్కువ. నా ఓటు సీల్డ్‌కే. డప్పు మీద దెబ్బ పడిందంటే అక్కడితో ఆగాలి, తోక మిగలకూడదు. మావాడికి ఆ తోకే ఇష్టం, ఏం చేస్తాం!

చివరికి నంబరు ప్లేటు వెనక ఫోమ్ టేపు అంటించాం, సగం గోల పోయింది. సబ్‌వూఫర్‌కి విడిగా ఒక నాబ్ స్టీరింగ్ దగ్గర పెట్టించాం. అన్నయ్య ఎక్కితే వాడే తగ్గిస్తున్నాడు.

ఒక్క మనవి. క్వార్టర్ల వీధిలోకి తిరిగేటప్పుడు, పట్టపగలైనా సరే, ఆ నాబ్ పూర్తిగా కిందికి తిప్పేయండి. నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాళ్లుంటారు. బేస్‌ని గోడలు ఆపలేవు.