పాత డిజిటల్ కెమెరా కొనునప్పుడు

ఇరువది యేండ్ల క్రిందటి చిన్న డిజిటల్ కెమెరాలపై నేటి యువజనులకు మక్కువ కలిగినది. చేతిలో ఫోను ఉండగా ఇదేమి వింత యని పెద్దలు నవ్వుకొనవచ్చును. ఆ ఫొటోలలోని రంగు వారికి నచ్చినది. ఆ రుచిని మేము తప్పుపట్టము. మేము చెప్పదలచినది బేరమును గూర్చి మాత్రమే.

పైపూత చెక్కుచెదరకున్నంత మాత్రమున లోపలి యంత్రము బాగున్నదని తలపరాదు. ముందుగా పరీక్షింపవలసినది కటకము వెనుక నుండు సీ.సీ.డీ. అను చిన్న పలక. వెలుతురును విద్యుత్తుగా మార్చునది అదియే. 2002–2004 ప్రాంతమున తయారైన కొన్ని సీ.సీ.డీ.లలో లోపము కలదని 2005లో బయటపడినది. వానిని చేసినది సోనీ సంస్థ; కాని కానన్, నికాన్ మొదలగు ఇతర సంస్థల కెమెరాలలోను అవి చేరియుండెను. వేడికిని తేమకును పలకలోని సన్నని తీగల అతుకులు ఊడిపోవును. అప్పుడు ఫొటో ఊదారంగునకు తిరుగును, గీతలు పడును, లేదా తెర నల్లబడును. నాడు సంస్థలు ఉచితముగ బాగుచేసి యిచ్చినవి. ఇంతకాలమునకు ఆ సాయముపై ఆశ పెట్టుకొనరాదు. కాకినాడ, విశాఖపట్నము వంటి తీరపట్టణములలో వేడి, తేమ రెండును ఎక్కువే. అచట బీరువాలో ఏండ్ల తరబడి పడియున్న కెమెరాను ఒక్క ఫొటోతో నమ్మక, కొంతసేపు నడిపి, ఎండలోను నీడలోను తీసి చూడవలెను.

ఆ తేమయే కటకమున బూజు పట్టించును. టార్చిలైటు వేసి చూచినచో సాలెగూటి పోగులవలె కానవచ్చును. అది ఉన్న కెమెరాను వదలుకొనుటయే మేలు.

“కార్డు లేదు గాని, వేసినచో పనిచేయును” అను మాటను మేమైతే నమ్మము. పండ్లు పట్టి చూడక ఎద్దును కొను రైతు లేడు గదా! కార్డు మీరే తీసికొనిపొండు. అయితే 2006కు ముందరి కెమెరాలు సాధారణముగ 2 జీబీకి మించిన ఎస్‌డీ కార్డును చదువలేవు. 2002లో ఒలింపస్, ఫ్యూజీ సంస్థలు తెచ్చిన ఎక్స్‌డీ కార్డుల తయారీ ఏనాడో నిలిచినది. అట్టి కెమెరాను కార్డుతో సహా ఇచ్చిననే కొనవలెను.

బ్యాటరీ అరలో పచ్చని, తెల్లని చిలుము ఉన్నదేమో చూడుడు. గోడగడియారపు సెల్లులతో నడుచు కెమెరా దొరికినచో మంచిదే. ప్రత్యేక బ్యాటరీ అయినచో అది ఉబ్బి యుండరాదు. దానికి ఛార్జరు దొరకునా యని ముందే విచారించి, ఆ వెలను కూడ బేరములో కలుపుకొనవలెను.