అరకు చూడబోయే మన పిల్లలకు నాలుగు మాటలు

(అరకు యాత్రకు బయలుదేరుతున్న తండాల యువతీయువకుల కోసం నారాయణఖేడ్‌లో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అరకు పోదామని మీరు అడిగినప్పుడు మాకు సంతోషమైంది. మన తండాల పెద్దలు దూరం పోయిందంటే ఎక్కువగా చెరుకు నరకడానికో, కూలికో. మీరు చూడటానికి పోతున్నారు. బాగా చూసి రండి.

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కండి. సొరంగాలు, లోయలు దాటుకుంటూ కొండెక్కుతుంది. ముందు బొర్రా గుహలు వస్తాయి. సున్నపురాయిని నీళ్లు వేల వేల ఏళ్లు కరిగించగా ఏర్పడినవి అవి. తర్వాత అరకు. అక్కడ గిరిజన మ్యూజియం తప్పక చూడండి. పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టింది. కొండవాలుల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, చెట్లకు పాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండించేది గిరిజన రైతులే. కొనేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, సంతలోనో కొనండి.

ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. బొర్రా పంచాయతీ భూములను ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకిస్తే, సమత అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు, కంపెనీలకు భూమి ఇవ్వడం ప్రభుత్వానికైనా చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి ఆధారమైన చట్టం 1/70. మన ఖేడ్ ఏజెన్సీ ప్రాంతం కాదు, ఆ రక్షణ మనకు లేదు. అందుకే ఇంట్లో ఉన్న పట్టా కాగితం ఒకసారి తీసి చదవండి.

చివరిగా ఒక మాట. అక్కడ బగతలు, కొండదొరలు, పోర్జలు, కోటియాలు ఉంటారు. థింసా ఆడతారు. మన అమ్మమ్మలు అద్దాల కాంచళి, పేటియా కట్టుకుని సంతకు పోతే, అడగకుండా ఫోటో తీసేవాళ్లను మనం చూశాం. అప్పుడు మనకు ఎట్లా అనిపించిందో మీకు తెలుసు. అక్కడ మీరు అట్లా చేయకండి. ముందు పలకరించండి, పేరు అడగండి, మన తండా గురించి చెప్పండి. వాళ్లు సరే అంటేనే ఫోన్ బయటికి తీయండి. థింసాలోకి పిలిస్తే సిగ్గుపడకుండా చెయ్యి కలపండి.

తిరిగొచ్చాక ఫోటోలతో పాటు, అక్కడివాళ్లు మీకు చెప్పిన ఒక ముచ్చటైనా రాసి తెండి. వచ్చే సంచికలో మీ పేరుతో వేస్తాం.

జై సేవాలాల్!