గాంజా శంకర్: పేరు దగ్గరే చిక్కుకున్న సినిమా

గంజాయి అమ్మే కుర్రాడిని కథానాయకుడిగా చూపబోయిన తెలుగు సినిమా ‘గాంజా శంకర్’. సాయి ధరమ్ తేజ్ హీరో. దర్శకుడు సంపత్ నంది పాత కరీంనగర్ జిల్లాలోని ఓదెల వాసి. తన ఊరి పేరుతోనే ‘ఓదెల రైల్వే స్టేషన్’ సినిమా రాశారు. 2023 అక్టోబరులో ‘గాంజా శంకర్’ ప్రచార చిత్రం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో నోటీసు పంపింది. పేరులోంచి ‘గాంజా’ తీసేయాలని, మత్తును గొప్పగా చూపే దృశ్యాలు ఉండకూడదని కోరింది. ఆ తర్వాత సినిమా ముందుకు సాగలేదు.

బ్యూరో ఆందోళన న్యాయమైనదే. ఉత్తర తెలంగాణకు గంజాయి దూరపు కథ కాదు. ఆదిలాబాద్ ఏజెన్సీలో పత్తి, కంది సాళ్ల మధ్య గంజాయి మొక్కలు దొరికిన కేసులున్నాయి. ఏపుగా ఎదిగిన కంది చాటున అవి బాట మీంచి కనబడవు. పట్టుబడితే 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టం వర్తిస్తుంది. 20 కిలోలు దాటిన గంజాయికి కనీసం పదేళ్ల కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. తెర మీది హీరో ఎదుగుదలలో ఈ లెక్క కూడా కనబడాలి.