మాత్రల అట్ట మీద రెండక్షరాలు

ఇంట్లో జ్వరం మాత్రల అట్ట ఉంటే ఓసారి తిప్పి చూడండి. పారాసిటమాల్ టాబ్లెట్స్ అన్న పేరు చివర ‘ఐ.పి.’ అని కనబడుతుంది. ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం అని దానర్థం. ఆ రెండక్షరాల వెనక ఓ పాత జ్వరం కథ ఉంది.

మన యలమంచిలి వైపు పెద్దవాళ్లకి మన్యం జ్వరం సంగతి చెప్పక్కర్లేదు. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాటెక్కినవాడు చలిజ్వరంతో దిగడం ఒకప్పుడు మామూలే. అల్లూరి కోసం కొండలెక్కిన పోలీసు పటాలాల్ని కూడా అది వదల్లేదు. దానికి మందు క్వినైన్. కొయినా అనేవారు, చేదు విషం. అంత చేదూ మింగినా ఒక్కోసారి జ్వరం దిగేది కాదు. అప్పట్లో బజార్లో కల్తీ క్వినైన్, పాళ్లు తగ్గించిన క్వినైన్ విచ్చలవిడిగా దొరికేవి మరి!

గోల ముదిరాక 1930లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. అధ్యక్షుడు రామ్‌నాథ్ చోప్రా. 1882లో గుజ్రన్‌వాలాలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, 1921 నుంచి కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ఫార్మకాలజీ పాఠాలు చెబుతున్న డాక్టరు. దేశమంతటికీ ఒకే చట్టం కావాలి, మందుల్ని పరీక్షించే ప్రయోగశాలలు కావాలి, మందులు కలిపేవాడికి చదువుండాలి అని 1931లో నివేదిక ఇచ్చారు. చట్టం రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా ఆయన ఊరుకోలేదు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని పరీక్షించి చూపించారు. నాటువైద్యాన్ని కొట్టిపారేయలేదు, అలాగని పొగడనూ లేదు. తూచి చూశారు. నాకాయన నచ్చేది అక్కడే.

1940లో డ్రగ్స్ యాక్ట్ వచ్చింది. ఆయన ఆధ్వర్యంలో 1946లో మందుల ప్రమాణాల జాబితా వచ్చింది. ఆ తర్వాత 1955లో మొదటి ఇండియన్ ఫార్మకోపియా వచ్చింది. అందులో ఉండేది కవిత్వం కాదు, కొలతలు. అయిదొందల మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్లలో ఇవాళ 475కి తగ్గకూడదు, 525 దాటకూడదు. చోప్రాగారు 1973లో పోయారు.

ఇప్పుడు అచ్యుతాపురం, పరవాడ ఫార్మా కంపెనీల బస్సులెక్కి వెళ్లే మన పిల్లల్లో చాలామంది చేసే పని ఈ కొలతే. ఆ 1940 నాటి చట్టమే, సవరణలతో, నేటికీ నడుస్తోంది. మీరు చెయ్యాల్సింది చిన్నపని. మందుల షాపులో బిల్లు అడగండి, అందులో బ్యాచి నంబరు, అట్ట మీది నంబరు ఒకటేనా చూసుకోండి. బిల్లు లేకపోతే రేపు ఫిర్యాదు చెయ్యడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.